గంటన్నర గ్యాపూ, డబుల్ పరుపూ

బస్సు డిపోలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. మేనేజరు మొదలుకొని టైర్లకి గాలి కొట్టేవాడి దాకా అందరికీ ఆవిడ గడియారం అక్కే. ఏ బండి ఎన్నింటికి కదలాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, డ్రైవరు అన్నం ఎక్కడ తినాలి, అన్నీ ఆవిడ పెన్సిలు చెప్పినట్టే జరగాలి. గోడ నిండా పరుచుకున్న టైం టేబుల్ చార్టు ముందు, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఆవిడ నిలబడి ఉంటే, ఎంత సీనియర్ డ్రైవరైనా గుమ్మంలో ఆగి గొంతు సవరించుకుని గానీ లోపలికి వచ్చేవాడు కాదు.

అక్కకి రెండు రకాల బండ్లంటే ఒళ్లు మంట. ఊరికే ఖాళీగా నిలబడ్డ బండి ఒకటి, మనుషుల్ని దార్లో వదిలేసి పోయే బండి ఇంకొకటి. మొదటిదాని మీద కోపంతో చార్టులో ఎక్కడ కాస్త తీరిక కనబడినా కత్తిరించి పారేసేది. రెండోదాని మీద కోపంతో డిపోలో ఒక కట్టుబాటు పెట్టింది. పల్లెల నుంచి వచ్చే బండి ఆలస్యమైతే, ఆ జనాన్ని ఎక్కించుకోవాల్సిన కనెక్షన్ బండి కదలడానికి వీల్లేదు. డ్రైవరు టీ తాగుతాడో, తిట్టుకుంటాడో అతని ఇష్టం, ఆగడం మాత్రం ఆగాలి. "ఆ బండిలో నీ పెళ్లాం వస్తోందనుకో, వదిలేసి పోతావా?" అని అడిగేది. "హాయిగా పోతానక్కా" అన్నాడు ఒక పెద్ద డ్రైవరు. అన్నాడే గానీ అతనూ ఆగాడు.

ఈ రెండు మంచి గుణాలూ ఒక్కటై అక్క కొంప ముంచిన కథ ఇది.

అక్కకి ఊహ తెలిసేనాటికే తల్లి పోయింది. పెంచింది పిన్ని. పిన్ని ఆసుపత్రిలో నర్సు. పగటి డ్యూటీ వేరే నర్సుకిచ్చి రాత్రి డ్యూటీ తను తీసుకుని, పొద్దున్నే వచ్చి పిల్లకి జడ వేసి బడికి పంపేది. అలాంటి మనిషిని పెళ్లి చేసుకోమని అడిగినవాళ్లు లేకపోలేదు. అడిగిన ప్రతిసారీ పిన్నిది ఒకటే మాట. "పరవాలేదులెండి, తర్వాత చూద్దాం." పిల్ల బడి అవ్వాలి, తర్వాత చూద్దాం. పిల్లకి ఉద్యోగం రావాలి, తర్వాత చూద్దాం. ఆ తర్వాత అక్క పెళ్లి, అక్క కాన్పులు, అక్క పిల్లల పరీక్షలు. ఆ "తర్వాత" అనేది వచ్చి తలుపు తట్టేసరికి పిన్ని రిటైర్ కూడా అయిపోయి, వేరే ఊళ్లో చిన్న వాటా అద్దెకి తీసుకుని, నడుం నొప్పితో ఉంది.

ఆ నడుం నొప్పే మేలు చేసింది. ఈత కొడితే తగ్గుతుందని డాక్టరు చెప్పాడు. పిన్ని ఈతకొలను ఒడ్డు దాకా వెళ్లడం, కాలివేలు ముంచి చూడటం, "చలిగా ఉంది, రేపు చూద్దాం" అని తిరిగి రావడం. అక్కడ ఈత నేర్పే మాస్టారు ఒకాయన ఉన్నాడు. భార్య పోయి చాలాకాలమైంది, అరవై దాటినా బాణంలా ఉంటాడు. ఆయన రోజూ నడుం లోతు నీళ్లలో నిలబడి, "అలాగేనండి, రేపు దిగుదురు గానీ" అనేవాడు. ఒకరోజు నిజంగానే దిగింది. ఈత వచ్చింది. నడుం నొప్పీ తగ్గింది. ఆ తర్వాత మాస్టారు ఇంకో మాట కూడా అడిగాడు. దానికి పిన్ని మొదట ఏమని ఉంటుందో మీకు తెలుసు, చివరికి ఎలాగో ఒప్పుకుంది.

రిజిస్ట్రారు ఆఫీసులో ముహూర్తం లాంటిది ఒకటి ముందుగానే రాయించుకోవాలి. ఫలానా రోజు, ఫలానా గంట అని. రెండుసార్లు రాయించుకున్నారు, రెండుసార్లూ పిన్నే తప్పించింది. ఒకసారి పై వాటా అమ్మాయికి నొప్పులొస్తున్నాయని. ఇంకోసారి వంటింట్లో కుళాయి కారుతోందని. మూడోసారి అక్కకి ఫోన్ చేసింది.

"నువ్వొచ్చి పక్కన నిలబడి సాక్షి సంతకం పెడతానంటే వెళ్తానే చిట్టీ. లేదంటే నాకు కాళ్లాడవు."

"వస్తున్నా పిన్నీ. కుళాయి కట్టేసి ఉంచు."

ఆ సాయంత్రమే మాస్టారు కూడా చాటుగా ఫోన్ చేశాడు. ఆయన గొంతు ఎప్పుడూ నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా ఉంటుంది. "అమ్మా, మీరు తప్పకుండా రావాలి. మీరు రాకపోతే ఆవిడ మళ్లీ ఒడ్డెక్కేస్తారు. ఈసారి ఎక్కితే ఇక దిగరని నా భయం."

అక్క గుండె నీరైపోయింది. తన కోసం ఇన్నేళ్లు వాయిదా వేసుకున్న పెళ్లి, తన చేతి మీదుగానే జరగాలని ఆ క్షణంలోనే నిశ్చయించుకుంది.

పిన్ని ఊరికి నేరుగా విమానం లేదు. పెద్ద కంపెనీ విమానం మధ్యలో ఉన్న మహానగరం దాకా తీసుకెళ్తుంది. అక్కణ్ణుంచి పిన్ని ఊరికి ఒక చిన్న కంపెనీ విమానం ఉంది. రెండూ ఒకే టికెట్టు మీద దొరకవు, దేనికది విడిగా కొనుక్కోవాలి. ఆదివారం పొద్దున్న వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి అక్క పనిలో దిగింది. ఎదురుగా భర్త టీ చల్లార్చుకుంటూ కూర్చున్నాడు. ఆయనది పరుపుల దుకాణం. తను కుట్టే పరుపుల్లాగే ఆయనా మెత్తన, ఎవరెక్కి తొక్కినా మళ్లీ మామూలుగా అయిపోతాడు.

"రెండిటి మధ్య గంటన్నర గ్యాపు. అతికినట్టు సరిపోయింది" అంది అక్క.

"గంటన్నరేనా? సాయంత్రం కూడా ఒక విమానం ఉన్నట్టుంది కదోయ్. అది చూడకూడదూ?"

"అందాకా అక్కడ కూర్చుని గోళ్లు గిల్లుకుంటామా? దిగడం, ఎక్కడం. గంటన్నరలో నేను బస్టాండు నుంచి స్టేషనుకి రెండు ట్రిప్పులు తిప్పుతాను."

"మొదటిది లేటైతే?"

"రెండోది ఆగుతుంది. ఇందులో దిగినవాళ్లే కదండీ అందులో ఎక్కాల్సింది!"

"వేరే కంపెనీ కదా?"

"అయితేనేం? మా డిపో బండి కోసం పక్క డిపో బండి ఆగట్లేదూ? ఒక ఫోన్ కొడతారు, అంతే."

తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. ఇవి వేర్వేరు టికెట్లు, మధ్యలో ఏం తప్పినా బాధ్యత మీదే అని. అక్క రోజూ చార్టుల మీద ఎర్ర పెన్సిలుతో ఎన్నో హెచ్చరికలు రాస్తుంది, వాటిని ఒక్క డ్రైవరూ చదవడని ఊరికే నెత్తీ నోరూ కొట్టుకుంటుంది. ఆ అక్కే ఈ ఎర్రక్షరాల్ని చదవకుండా టక్కున నొక్కేసింది. ఆయన టీ తాగేసి గ్లాసు కడిగి పెట్టాడు. ఇంట్లో టైముల విషయంలో ఆయన మాట ఎన్నడూ చెల్లలేదు.

ఆయన మాట చెల్లింది ఒక్క విషయంలో, అదీ బయల్దేరే ముందురోజు. గొట్టంలా చుట్టి తాళ్లతో బిగించి ప్లాస్టిక్ తొడుగేసిన ఒక పెద్ద కట్ట హాల్లో గోడకి నిలబెట్టి ఉంది.

"ఇదేంటి?"

"పరుపు. అత్తయ్యగారికి, మాస్టారికి. డబుల్."

అక్క ముక్కున వేలేసుకుంది. "అరవై దాటిన పెళ్లికూతురికి డబుల్ పరుపు మోసుకెళ్తారా! నలుగురూ ఏమనుకుంటారండీ?"

"నిద్రపోతారనుకుంటారు" అన్నాడు ఆయన. "ఆవిడ నడుం సంగతి నాకు తెలుసు. ఇది ఆవిడ కోసమని విడిగా కొలిచి కుట్టాను. ఇది రాకపోతే నేనూ రాను."

అలా మూడో ప్రయాణికుడిగా పరుపు కూడా బయల్దేరింది.

మొదటి దెబ్బ ఊళ్లోని ఎయిర్‌పోర్టులోనే తగిలింది. కౌంటర్లో అమ్మాయి పరుపుని ఎగాదిగా చూసి, పెద్ద సామాను కిందికి రాసి, చీటీ కట్టి, "నగరంలో దిగాక తీసేసుకోండి" అంది.

"నగరంలో ఎందుకమ్మా? మేం ఇంకా ముందుకెళ్లాలి" అని అక్క రెండో టికెట్టు చూపించింది.

"అది మాది కాదండీ. మీరు సామాను తీసుకుని, బయటికెళ్లి, వాళ్ల కౌంటర్లో మళ్లీ ఇచ్చుకోవాలి. వాళ్లది రెండో టెర్మినల్. విమానం బయల్దేరడానికి చాలా ముందే కౌంటరు మూసేస్తారు."

గంటన్నరలో దిగడమూ ఎక్కడమూ మాత్రమే లెక్కేసింది అక్క. ఈ తీసుకోవడం, మోసుకోవడం, ఇచ్చుకోవడం లెక్కలో లేవు.

"పోనీ మీరు వాళ్లకి ఫోన్ చేసి, మావాళ్లు ఇద్దరొస్తున్నారు, కాస్త ఆగండని చెప్పరా?"

ఆ అమ్మాయి తల ఎత్తి అక్క ముఖంలోకి చూసింది. వేళాకోళం ఆడుతోందేమోనని వెతికింది. లేదని తెలిసి జాలిపడింది. "ఆగరండీ" అంది మెల్లగా. "మీరు మాతో వచ్చారన్న సంగతే వాళ్లకి తెలీదు."

ఇంత పెద్ద లోకంలో బండికి బండి పరిచయం లేకుండా ఎలా నడుస్తున్నాయో అక్కకి అర్థం కాలేదు. పైగా విమానం ఎక్కి కూర్చున్నాక అది కదలదే! ముందు ఇంకో విమానం ఉందట, దాని వెనక వరసలో నిలబడాలట. అక్క కిటికీలోంచి చూస్తూ పళ్లు నూరింది. "ఖాళీగా నిలబెట్టాడండీ బండిని! ఈ చార్టు వేసిన మనిషి ఎవరో ఒక్కసారి నాకు కనిపించాలి." పక్కన ఆయన అప్పటికే కళ్లు మూసుకున్నాడు. పరుపులవాడికి ఎక్కడైనా నిద్రే.

నగరంలో దిగాక ఇద్దరూ కాళ్లకి చక్రాలు కట్టుకున్నట్టు పరిగెత్తారు. చిన్న పెట్టెలు బెల్టు మీద గబగబా వచ్చాయి. పరుపు రాలేదు. పెద్ద సామాన్లు ఆ మూల తలుపులోంచి వస్తాయని ఎవరో చెప్తే అక్కడికి పరిగెత్తారు. తలుపు మూసి ఉంది. అది తెరుచుకునేలోపు అక్క దాని ముందు కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చివరికి ఒకాయన బండి తోసుకుంటూ వచ్చి, "ఈ పరుపు మీదేనా?" అని నవ్వాడు. అక్కకి నవ్వడానికి తీరిక లేదు. భర్త ముందు చివర, తను వెనక చివర పట్టుకుని, దారికడ్డొచ్చిన వాళ్లనల్లా "తప్పుకోండి, తప్పుకోండి" అని కేకలేస్తూ, రెండో టెర్మినల్‌కి వెళ్లే బస్సు దాకా లాక్కెళ్లారు. దార్లో ఒక పెద్దమనిషి, "ఎయిర్‌పోర్టులో కుర్చీలు ఉన్నాయమ్మా, సొంత పరుపెందుకు?" అన్నాడు. అక్క చూసిన చూపుకి ఆయన గోడవారకి తప్పుకున్నాడు.

చిన్న కంపెనీ కౌంటరు దగ్గరికి చేరేసరికి అక్కడ ఒక కుర్రవాడు దీపం ఆర్పేసి కాయితాలు సర్దుకుంటున్నాడు.

"మూసేశామండీ."

"మొదటి విమానం లేటైంది బాబూ. మా తప్పు కాదు."

"మీ తప్పు కాదు, మా తప్పు కూడా కాదండీ. ఆ విమానం మాది కాదు కదా."

అద్దాల అవతల విమానం ఇంకా నిలబడే ఉంది. దాని తలుపు కూడా కనబడుతోంది. అక్క దాని వంక అలా చూస్తూ ఉండిపోయింది. ఆవిడ డిపోలో అయితే ఆ పాటికి డ్రైవరు తల బయటపెట్టి, "తొందరగా రండమ్మా" అని అరుస్తూ ఉండేవాడు. ఇక్కడ ఎవరూ అరవలేదు. కాసేపటికి విమానం మెల్లగా వెనక్కి జరిగి వెళ్లిపోయింది. సాయంత్రం విమానంలో ఒక్క సీటూ లేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఇంకోటి లేదు. పెళ్లేమో మర్నాడు మధ్యాహ్నానికి ముందే.

అక్క పరుపు కట్ట మీద కూలబడింది.

"అత్తయ్యగారికి ఫోన్ చెయ్" అన్నాడు ఆయన.

"చెయ్యను. చేస్తే ఏమంటుందో నాకు తెలుసు. పరవాలేదే చిట్టీ, వచ్చే నెల చూద్దాం అంటుంది. ఎవరో ఒకరు ఆ మాట అనడానికి ఒక కారణం ఇస్తారా అని కాచుకుని కూర్చుంది పిన్ని. ఆ కారణం నేనయ్యానండీ! నా జడల కోసం ఆగింది, నా చదువు కోసం ఆగింది. ఇప్పుడు నా గంటన్నర కోసం కూడా ఆగాలా?" అని కళ్లొత్తుకుంది. డిపోలో ఎవరూ చూడలేదు గానీ, అక్కకి ఏడుపొస్తే చిన్నపిల్లలాగే ఏడుస్తుంది.

ఆయన ఎంతో మామూలుగా, "ఇక్కణ్ణుంచి ఆ ఊరికి బస్సులు లేవా?" అన్నాడు.

అక్క ఏడుపు ఆపేసి ఆయన వంక చూసింది. బస్సులు! తెల్లారి లేస్తే బస్సులు, పడుకుంటే బస్సులు. కలలో కూడా బస్సులకే టైములేసే మనిషికి ఆ ముక్క తట్టకపోవడం ఎంత సిగ్గుచేటు! విమానం ఎక్కబోతున్నానన్న గర్వం కళ్లు కప్పేసింది, అంతే. కళ్లజోడు నుదుటి మీదికి తోసి ఫోన్ తీసింది. ఆవిడ వేలు టైముల మీద పరిగెడుతుంటే ముఖంలో రంగు తిరిగొచ్చింది.

నేరుగా వెళ్లే బండి లేదు. మధ్యలో ఒక కూడలి ఊళ్లో మారాలి. మధ్యాహ్నం బండి ఎక్కితే సాయంత్రానికి కూడలి. అక్కణ్ణుంచి పిన్ని ఊరికి రెండు బండ్లు, రెండూ వేరే కంపెనీవే. ఒకటి వీళ్లు దిగిన అరగంటకి. ఇంకొకటి తెల్లవారుజామున.

"అరగంట గ్యాపుది బాగుంది కదా" అన్నాడు ఆయన.

"అరగంటా!" అక్క ఉలిక్కిపడింది. "వేరే కంపెనీ బండి అది. మనమొస్తున్నట్టు వాడికి తెలుసా? మన బండి దార్లో ఆగితే? పరుపు దించడం ఆలస్యమైతే? తెల్లవారు బండికి టికెట్లు కొనండి."

"రాత్రంతా అక్కడ కూర్చుని గోళ్లు గిల్లుకుందామా?"

"గిల్లుకుందాం. ఇరవై గోళ్లూ గిల్లుకుందాం."

పెళ్లయిన ఇన్నాళ్లలో అక్క నోటివెంట తీరిక కావాలన్న మాట వినడం ఆయనకి అదే మొదటిసారి. నవ్వు దాచుకోవడానికి పరుపు తాళ్లు బిగించే నెపంతో వంగాడు.

అక్క భయం నిజమే అయింది. దార్లో వంతెన పనులు జరుగుతున్నాయి. కూడలికి చేరేసరికి ఆ అరగంట బండి వెళ్లిపోయి చాలాసేపైంది. ఆయన చేతులెత్తి ఆవిడకి దణ్ణం పెట్టాడు. బస్టాండు చివర ఖాళీ స్థలంలో పరుపు కట్ట దించి దాని మీద ఇద్దరూ కూర్చున్నారు. అప్పటికే చీకటి పడింది. అక్క కాస్త కుదుటపడి బిస్కెట్ల పొట్లం విప్పుతుండగా ఫోన్ మోగింది. పిన్ని.

"ఎక్కడున్నారే? మాస్టారు ఎయిర్‌పోర్టులో సాయంత్రం విమానం దాకా నిలబడి నిలబడి ఇప్పుడే ఇంటికొచ్చారు. మీరు దిగలేదట!"

ఫోన్ చెయ్యకుండా నాన్చినందుకు అక్క తల దించుకుంది. జరిగిందంతా చెప్పింది. గంటన్నర సంగతి, పరుపు సంగతి, ఆగని విమానం సంగతి.

"పరవాలేదే చిట్టీ" అంది పిన్ని. ఆ గొంతులో కోపం లేదు. ఎక్కడో కాస్త తేలికపడ్డట్టు కూడా ఉంది, అదే అక్కని కోసేసింది. "ఇద్దరూ అలిసిపోయుంటారు. ఎక్కడైనా పడుకుని వెనక్కి వెళ్లిపోండి. ఆఫీసులో చెప్పి వచ్చే నెల చూసుకుందాం. ఇన్నేళ్లు ఆగినవాళ్లం, ఇంకో నెలకేముంది?"

"వద్దు పిన్నీ! నాకోసం ఇంకో నెల కాదు, ఇంకో పూట కూడా ఆగొద్దు. పొద్దున బండికి వస్తున్నాం. నువ్వు టైముకి అక్కడ ఉండు. నేను కాస్త అటూ ఇటూ అయినా నువ్వు సంతకం పెట్టేసెయ్."

"నువ్వు లేకుండా నా వల్ల కాదే."

"ఎందుకు కాదు? నన్ను పెంచినప్పుడు నీ పక్కన ఎవరు నిలబడ్డారు?" అనేసింది అక్క, ఏడుపు గొంతుతో. "ఒక్కదానివే కదా అంతా చేశావు. నీకోసం నువ్వు ఏమీ అడగలేదు. ఒక్కసారి అడుగు పిన్నీ. నాకు కావాలి అని ఒక్కసారి గట్టిగా అను. నీ నోటి నుంచి ఆ మాట వినాలని ఉంది నాకు."

పిన్ని "జాగ్రత్తగా ఉండండి" అని పెట్టేసింది. పొద్దున ఆఫీసుకి వెళ్తుందో లేదో తెలీదు. అక్క బిస్కెట్లు పక్కన పెట్టేసింది. ఆయన తాళ్లు విప్పి పరుపు పరిచాడు. పిన్ని కోసం కుట్టిన పరుపు మీద, తొడుగుతో సహా, ఇద్దరూ తెల్లవారుజాము దాకా పడుకున్నారు. పరుపు గొప్పగా ఉంది. అక్కకే నిద్ర పట్టలేదు.

తెల్లవారు బండి టైముకే వచ్చింది. పొద్దెక్కాక టైరు పంక్చరైంది. అందరూ దిగి చెట్టుకింద నిలబడితే అక్క మాత్రం డ్రైవరు నెత్తిమీద నిలబడి, జాకీ ఇలా పెట్టు, బోల్టు అలా తిప్పు అని చెవిలో జోరీగలా రొద పెట్టి, ఆఖరికి తనూ జాకీ మీద ఒక చెయ్యి వేసింది. తట్టుకోలేక అతను పని సగం టైములో ముగించాడు. అయినా పిన్ని ఊరి బస్టాండులో దిగేసరికి చెప్పిన గంట దాటిపోయింది. సామాన్ల వ్యాను మాట్లాడి, ముందు డ్రైవరు పక్కన అక్క, వెనక పరుపుతో పాటు ఆయన, రిజిస్ట్రారు ఆఫీసు ముందు దిగారు. "మీరు దాన్ని చూసుకోండి" అని అక్క మెట్లెక్కి పరిగెత్తింది. ఆఫీసు ఖాళీగా ఉంటుందని, పిన్ని ఇంట్లో కుళాయి దగ్గర కూర్చుని ఉంటుందని ఆవిడకి దాదాపు నమ్మకం కుదిరిపోయింది.

పై అంతస్తు వరండాలోకి రాగానే ఎవరో ఆడమనిషి గట్టిగా దబాయిస్తున్న గొంతు వినబడింది. ఎవరో పాపం పోట్లాడుకుంటున్నారనుకుంది. రెండడుగులు వేశాక ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టి, గోడ పట్టుకుని ఆగిపోయింది.

"ఇంకో రోజు రమ్మంటారేంటండీ? ఇంకో రోజు, ఇంకో రోజు అని జుట్టు నెరిసిపోయింది నాకు!"

గదిలో అధికారి బల్ల ముందు కుర్చీలో, రెండు చేతులా కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని పిన్ని కూర్చుని ఉంది. కొత్త బట్టలు కట్టుకుని తల్లో పువ్వు పెట్టుకుంది. ముఖం ఎర్రబడింది. పక్కన మాస్టారు బిగుతైన కోటులో నిటారుగా నిలబడి, తన విద్యార్థి మొదటిసారి లోతు నీళ్లు దాటుతుంటే చూసినట్టు, ఆనందంతో నోరెళ్లబెట్టి చూస్తున్నాడు.

"అమ్మా, మీ టైము అయిపోయిందమ్మా. వెనక ఇంకో జంట ఉన్నారు" అని అధికారి బతిమాలుతున్నాడు.

"ఉండనివ్వండి. వాళ్లకి పాతికేళ్లు లేవు, కాసేపు నిలబడగలరు. నాకు ఈ రోజే కావాలి. ఇప్పుడే కావాలి. నా కూతురు బస్సులో వస్తోంది. అది వచ్చేదాకా నేనీ కుర్చీలోంచి లేవను, మీరు కుర్చీతో పాటు మోసుకెళ్లినా సరే!"

వెనక నిలబడ్డ పడుచు పెళ్లికూతురు నవ్వాపుకోలేక, "మాకేం తొందర లేదండీ, కానివ్వండి" అంది.

నా కూతురు అంది పిన్ని. ఎప్పుడూ చిట్టీ అనేదే తప్ప, నలుగురిలో ఆ మాట ఎన్నడూ అనలేదు. అక్క కాళ్లు వాటంతటవే లోపలికి నడిచాయి. నలిగిన బట్టలు, రేగిన జుట్టు, చేతికి జాకీ మసి.

పిన్ని తల తిప్పి చూసింది. అక్క ఒక్క క్షణం, అలవాటు కొద్దీ, "పరవాలేదులేవే" అన్న మాట కోసం ఎదురుచూసింది.

"ఏమే! ఇదా రావడం?" అని పిన్ని గయ్యిమంది. "ఊళ్లో బస్సులన్నిటికీ టైములేస్తావు, పెంచిన తల్లి పెళ్లికి టైముకి రావడం చేతకాదూ? గంటన్నర పెట్టుకుంటారుటే ఎవరైనా? బుద్ధుందా నీకు?"

అక్క పుట్టి బుద్ధెరిగాక పిన్ని నోట తిట్టు తినడం అదే మొదలు. గుండె నిండిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలియలేదు. "తప్పైపోయింది పిన్నీ" అని దగ్గరికెళ్లబోయింది.

"ఆ కావిలింతలు తర్వాత. ముందు చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టు" అంది పిన్ని. అధికారి వైపు తిరిగి, "మీరు చూస్తూ కూర్చున్నారేంటండీ? కానివ్వండి!" అంది.